నికాహ్‌కు ముందు నెత్తురు చూపించండి



ఈ శీర్షికలో ఇన్నాళ్లూ అజీర్ణం, షుగరు, మోకాళ్ల నొప్పులు, పిల్లల దగ్గు లాంటివి రాస్తూ వచ్చాను. ఈ వారం ఒక జీన్ గురించి రాస్తున్నాను. దాని పేరు బి.సి.ఎల్.11ఎ. యునానీ హకీముకు జీన్లతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మన వేలూరు, గుడియాత్తం, పేర్ణంబట్టు వైపు ఇళ్లలో ఎంతో ఆలోచించి, పెద్దలతో మాట్లాడి, కట్నకానుకలు, మెహర్ అన్నీ తేల్చుకుని నికాహ్‌లు చేస్తారు. పిల్ల రంగు చూస్తారు, పిల్లవాడి ఉద్యోగం చూస్తారు. ఇద్దరి నెత్తురు మాత్రం ఎవరూ చూడరు. చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

పాలిపోయిన బిడ్డలందరిదీ ఒకే జబ్బు కాదు

బిడ్డ పాలిపోయి ఉంటే మన తల్లులు "హకీం సాబ్, బిడ్డకు నెత్తురు లేదు, ఫౌలాద్ ఇవ్వండి" అంటారు. రక్తం తగ్గడాన్ని మన వైద్యంలో ఫఖ్రుద్దమ్ అంటాం. తిండి చాలక వచ్చిందా, కడుపులో పురుగుల వల్ల వచ్చిందా, జిగర్ బలహీనం వల్ల వచ్చిందా అని విచారించి మందిస్తాం. చాలామంది పిల్లలకు ఇనుము తక్కువ కావడమే కారణం. వాళ్లు తగిన మందుతో, తిండితో కోలుకుంటారు.

కొందరు బిడ్డలు అలా కోలుకోరు. పుట్టినప్పుడు బాగానే ఉంటారు. ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. పాలు సరిగా తాగరు, ఎదుగుదల ఉండదు. ఎడమవైపు పక్కటెముకల కింద తిహాల్, అంటే ప్లీహం, పెరిగి పొట్ట ఉబ్బుతుంది. మందు వేయకపోతే ముఖం ఎముకలు కూడా ఉబ్బి రూపం మారుతుంది. ఈ జబ్బు పేరు తలసీమియా. 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు దీన్ని మొదట వివరంగా రాశాడు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వాళ్లలో ఎక్కువగా కనిపించింది కాబట్టి గ్రీకులో సముద్రం అనే అర్థం ఉన్న మాటతో ఆ పేరు పెట్టారు. ఆ సముద్రానికి మనం దూరం కదా అనుకోకండి. మన దేశంలో నూటికి 3 నుంచి 4 మంది ఈ లోపాన్ని మోస్తున్నారని అంచనా.

ఆరు నెలలకే ఎందుకు బయటపడుతుంది?

ఇది అర్థం కావాలంటే జీన్ అంటే ఏమిటో తెలియాలి. మా హకీముల దగ్గర ఖరాబాదీన్ అనే మందుల గ్రంథం ఉంటుంది. అందులో వందల నుస్ఖాలు ఉంటాయి. శరీరంలో ప్రతి కణం లోపలా అల్లాహ్ అలాంటి గ్రంథమే ఒకటి పెట్టాడు. దాని పేరు డి.ఎన్.ఎ. అందులో ఒక్కో నుస్ఖా ఒక్కో జీన్. గ్రంథంలో అన్నీ రాసి ఉన్నా, ఏ రోజు ఏ నుస్ఖా తీయాలో, ఏది మూసి పెట్టాలో చెప్పే పెద్దమనిషి ఒకడు దవాఖానాలో ఉండాలి కదా. శరీరంలో ఆ పని చేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. అవి డి.ఎన్.ఎ. మీద తమకు కేటాయించిన చోట పట్టుకుని కూర్చుంటాయి. ఈ నుస్ఖా తెరువు, ఆ నుస్ఖా మూసెయ్ అని హుకుం ఇస్తాయి. వీటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. బి.సి.ఎల్.11ఎ జీన్ తయారు చేసేది అలాంటి ప్రోటీనునే. ఈ జీన్ 2వ క్రోమోజోము మీద ఉంది.

తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు. తల్లి రక్తం నుంచే ప్రాణవాయువు లాక్కోవాలి. అందుకని గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ నెత్తురులో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టాక దాని పని అయిపోతుంది. అప్పుడు బి.సి.ఎల్.11ఎ ప్రోటీన్ వచ్చి ఆ పాత నుస్ఖాను మూసేస్తుంది, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ నుస్ఖా నడుస్తుంది. ఈ మార్పు కొన్ని నెలల్లో జరుగుతుంది. పెద్దవాళ్ల నుస్ఖా సరిగా ఉన్న బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు. ఆ నుస్ఖాలోనే తప్పు ఉన్న బిడ్డకు, పాతది మూతపడి కొత్తది పనిచేయక నెత్తురు తయారు కాదు. బీటా తలసీమియా ఆరు నెలల తర్వాత బయటపడటానికి కారణం ఇదే. దిష్టి తగలలేదు, తల్లి పాలు చెడలేదు. ఇంట్లో ఆడవాళ్లను నిందించే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూసిన తలుపు మళ్లీ తెరిచారు

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో తలసీమియా ఎక్కువ. అక్కడ ఒకే జబ్బు ఉన్నా కొందరు కష్టంగా, కొందరు కాస్త తేలికగా బతకడం డాక్టర్లు గమనించారు. తేలికగా ఉన్నవాళ్లలో ఫీటల్ హిమోగ్లోబిన్ పూర్తిగా మూతపడలేదు. దీనికి కారణం వెతుకుతూ 2007, 2008 సంవత్సరాల్లో పరిశోధకులు బి.సి.ఎల్.11ఎ జీన్ దగ్గరకు చేరుకున్నారు. 2008 డిసెంబరులో హార్వర్డ్‌లో స్టూవర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం ఈ ప్రోటీనే పాత నుస్ఖాను మూసేస్తోందని చూపించింది.

అయితే దీన్ని మొత్తం తీసేద్దాం అంటే కుదరదు. ఇదే ప్రోటీన్ మెదడు ఎదుగుదలలో, వ్యాధినిరోధక కణాల తయారీలో కూడా పనిచేస్తుంది. ఈ జీన్ పుట్టుకతోనే చెడిన పిల్లల్లో బుద్ధి మాంద్యం కనిపిస్తుంది. 2013లో ఇంకొక సంగతి తేలింది. ఎర్ర రక్తకణాల్లో మాత్రమే ఈ జీన్‌ను నడిపించే చిన్న మీట ఒకటి వేరుగా ఉంది. ఆ ఒక్క మీటను కత్తిరిస్తే చాలు, మెదడు జోలికి పోనక్కరలేదు. మన వైద్యంలోనూ ఒక అవయవానికి ఇచ్చిన మందు ఇంకొక అవయవానికి చెరుపు చేయకూడదని ముస్లిహ్ కలుపుతాం. ఆ ఆలోచనే ఇక్కడా కనిపిస్తుంది.

ఆ మీటను కత్తిరించే చికిత్స పేరు క్యాస్‌జెవీ. రోగి మూలకణాలను బయటకు తీసి, క్రిస్పర్ అనే కత్తెరతో మీట తెంచి, బలమైన మందుతో పాత మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. క్రిస్పర్ కనిపెట్టిన ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చికిత్సకు 2023 నవంబరు 16న బ్రిటన్, డిసెంబరు 8న అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో మొదట సికిల్ సెల్ జబ్బుకు, 2024 జనవరిలో తలసీమియాకు ఇచ్చారు. బ్రిటన్ అధికారులు చూసిన లెక్కల్లో 42 మంది తలసీమియా రోగుల్లో 39 మందికి కనీసం ఏడాదిపాటు రక్తం ఎక్కించే అవసరం రాలేదు. ఇది చిన్న విషయం కాదు. అల్‌హమ్దులిల్లాహ్ అనవలసిందే.

ఇక ధర. అమెరికాలో ఒక్క మనిషికి 22 లక్షల డాలర్లు. అప్పటి లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. మన తోలు షాపుల యజమానులు కూడా ఒకసారి ఆలోచించే మొత్తం ఇది. లుంగీ నేసే, బీడీలు చుట్టే ఇంటి మాట చెప్పనే అక్కరలేదు.

మన వేలూరులో ఏముంది?

దూర దేశాల సంగతి అలా ఉంచండి. మన ఇంటి ముందున్న దాన్ని మనం తక్కువగా చూస్తాం. బెంగాలు నుంచి, అస్సాం నుంచి, బంగ్లాదేశ్ నుంచి జనం రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. మనకు సి.ఎం.సి. ఆటో దూరం. అక్కడ 1986లోనే తలసీమియా బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి చేశారు. ఈ పద్ధతిలో తోబుట్టువు మజ్జ పూర్తిగా కలిస్తే బిడ్డకు జబ్బు నయమయ్యే అవకాశం బాగా ఉంది. ఒక్కో తోబుట్టువు కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మార్పిడి చిన్న వయసులో, జిగర్ చెడకముందు చేస్తే ఫలితం మెరుగు. దీనికి లక్షల్లో ఖర్చవుతుంది, కోట్లలో కాదు. కోల్ ఇండియా సంస్థ 2017లో తలసీమియా బాల సేవా యోజన అనే పథకం మొదలుపెట్టింది. తోబుట్టువు మజ్జ కలిసిన పేద పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సాయం చేసేందుకు పెట్టిన ఈ పథకంలో సి.ఎం.సి. కూడా ఉంది. షరతులు, ఆదాయ పరిమితి అక్కడి సోషల్ వర్కర్‌ను అడిగి తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ కూడా చేర్చారు. సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడకండి.

బాగాయంలో సి.ఎం.సి. ఆవరణలోనే కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే స్టెమ్ సెల్ పరిశోధన కేంద్రం ఉంది. ఫీటల్ హిమోగ్లోబిన్ నుస్ఖా ముందు భాగంలో, అంటే బి.సి.ఎల్.11ఎ లాంటి ప్రోటీన్లు వచ్చి కూర్చునే చోట, అక్షరాలు మార్చితే ఏమవుతుందో పరీక్షించి అక్కడి శాస్త్రవేత్తలు 2022లో ప్రచురించారు. రక్తం గడ్డకట్టని హిమోఫీలియా జబ్బుకు వేలూరులోనే అయిదుగురికి జీన్ చికిత్స చేసి, ఆ ఫలితాలను 2024 డిసెంబరులో ప్రపంచ ప్రఖ్యాత వైద్య పత్రికలో ప్రకటించారు. కాబట్టి రేపు మన ఊళ్లోనే, మనకు అందే ఖర్చులో తలసీమియాకు జీన్ చికిత్స వస్తుందని ఆశపడటంలో తప్పు లేదు. కాని ఆశను నమ్ముకుని ఈ రోజు చేయవలసిన పని మానుకోకూడదు.

నా తోటి హకీములకు ఒక మాట

ఇది కొందరికి చేదుగా ఉంటుంది. అయినా చెప్పాలి. తలసీమియా బిడ్డకు ఇనుము ఇవ్వకూడదు. ఆ బిడ్డకు నెత్తురు ఎక్కించిన ప్రతిసారీ దానితోపాటు ఇనుము కూడా ఒంట్లో చేరుతుంది. అది బయటకు పోయే దారి లేదు. జిగర్‌లో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుపోతుంది. చివరకు చాలామందిని బలి తీసుకునేది ఆ గుండెలో చేరిన ఇనుమే. అందుకే రక్తంతోపాటు ఇనుమును బయటకు లాగే మందులు కూడా జీవితాంతం వాడాలి. అలాంటి బిడ్డకు షర్బత్ ఫౌలాద్, కుష్తా ఫౌలాద్, మాజూన్ ఖబ్సుల్ హదీద్ ఇస్తే మనం నిప్పు మీద నూనె పోసినట్టే. ఉసిరి జవారిష్ కూడా ఆలోచించి ఇవ్వాలి. పులుపు ఇనుమును ఒంటికి ఎక్కువగా పట్టిస్తుంది.

పాలిపోయిన బిడ్డ వస్తే ముందు రక్తపరీక్ష రాయండి. రిపోర్టు చూశాకే ఫౌలాద్ సీసా తీయండి. నాడి, ఖారూరా చూడటం మన విద్య. రిపోర్టు చూడటం ఆ విద్యకు అవమానం కాదు. హకీం అజ్మల్ ఖాన్ కోరిక మీదే సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్త మన అస్రోల్ వేరు మీద పనిచేశాడు. 1931లో దాని నుంచి ఒక మందు పదార్థం తీసి హకీం గారి పేరే, అజ్మలీన్ అని పెట్టాడు. మన పెద్దలే కొత్త శాస్త్రానికి తలుపు తీశారు. మనం గడియ పెట్టుకుంటే ఎలా?

"తలసీమియాను మూడు నెలల్లో నయం చేస్తాం, రక్తం ఎక్కించడం ఆపండి" అని బోర్డులు పెట్టే వాళ్లున్నారు. అలాంటి మాట చెప్పేవాడు ఏ పద్ధతి వైద్యుడైనా సరే, నమ్మకండి. యునానీ మందుతో ఆ బిడ్డ ఆకలి, నిద్ర, జీర్ణశక్తి కాస్త మెరుగుపరచవచ్చు. అది కూడా రక్తం డాక్టరుకు చెప్పి చేయాలి. జీన్‌లోని తప్పును మాజూన్ సరిచేయదు.

నికాహ్ సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ లోపం తల్లి తండ్రుల్లో ఒక్కరికే ఉంటే బిడ్డకు పెద్ద జబ్బు రాదు. అలా మోసేవాళ్లు మామూలుగానే ఉంటారు, పనులు చేసుకుంటారు, నిండా నూరేళ్లు బతుకుతారు. తమకు ఉందని వాళ్లకే తెలియదు. ఇద్దరికీ ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు, నాలుగింట రెండు వంతులు మోసేవాడు కావడం, నాలుగింట ఒక వంతు ఏమీ లేకపోవడం. "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు" అనుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ప్రతి కానుపుకూ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

మన వైపు దగ్గరి సంబంధాలు ఎక్కువ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో నూటికి 28, ఆంధ్రప్రదేశ్‌లో 26 పెళ్లిళ్లు రక్తసంబంధంలో జరిగినవే. దేశం మొత్తం మీద అది 11. హిందూ సోదరుల్లో మేనమామ వరుస కూడా ఉంది. మనలో అది నిషిద్ధం. కాని చాచా, ఫూఫీ, మామూ, ఖాలా పిల్లల మధ్య నికాహ్ మనకు హలాలే, ఆనవాయితీ కూడా. తాతకో నానమ్మకో లోపం ఉంటే వాళ్ల ప్రతి బిడ్డకూ సగం అవకాశం, ప్రతి మనవడికీ మనవరాలికీ పావు అవకాశం. అదే తాత మనవడు, మనవరాలు కలిస్తే ఇద్దరూ మోసేవాళ్లు కావడం బయటి సంబంధం కంటే ఎక్కువసార్లు జరుగుతుంది. దగ్గరి సంబంధం చేయకండి అని నేను అనడం లేదు. ఆస్తి కోసమో, ఆప్యాయత కోసమో చేసుకుంటారు, అది మీ ఇష్టం. చేసేముందు ఇద్దరికీ పరీక్ష చేయించండి అంటున్నాను. బయటి సంబంధమైనా సరే చేయించండి. లోపం బంధుత్వం చూసి రాదు.

పరీక్ష కష్టం కాదు. మొదట మామూలు రక్తపరీక్ష, సి.బి.సి. అందులో ఎం.సి.వి. 80 కంటే తక్కువ, ఎం.సి.హెచ్. 27 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. తర్వాత హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 మూడున్నర శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా మోస్తున్నట్టు లెక్క. ఇనుము బాగా తక్కువగా ఉంటే ఈ అంకె తగ్గి కనిపించవచ్చు. కాబట్టి రిపోర్టును సొంతంగా చదువుకోకుండా డాక్టరుకు చూపించండి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. వలీమాలో బిర్యానీకి పెట్టే ఖర్చులో ఇది ఉప్పుకు కూడా సరిపోదు.

ముస్లిం దేశాలే దారి చూపించాయి. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. సైప్రస్ దీవిలో 1970ల నుంచి పరీక్షలు పెట్టి జబ్బుతో పుట్టే బిడ్డల సంఖ్యను దాదాపు సున్నాకు తెచ్చారు. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లివచ్చే మనవాళ్లు ఆ దేశం నుంచి జంజం, ఖర్జూరాలు తెస్తారు. ఈ మంచి అలవాటు కూడా తేవాలి.

"అంతా తఖ్దీర్, మనం పరీక్షలు చేసి ఏం చేస్తాం?" అనే పెద్దలున్నారు. ముందు ఒంటెను కట్టి, తర్వాత తవక్కుల్ చేయమని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పారు. పరీక్ష చేయించడం ఒంటెను కట్టడమే.

ఇంకొక భయం ఉంది. అది నిజమైన భయం. పిల్లకు లోపం ఉందని తేలితే సంబంధాలు రావు, ఊరంతా చెప్పుకుంటారు అని తల్లులు వణుకుతారు. అందుకే నా సలహా, పరీక్ష ముందు అబ్బాయికి చేయించండి. అతనికి ఏమీ లేకపోతే అమ్మాయికి ఉన్నా లేకున్నా బిడ్డలకు ఆ పెద్ద జబ్బు రాదు. అబ్బాయికి ఉంటేనే అమ్మాయికి చూడాలి. రిపోర్టు రెండు ఇళ్ల మధ్య అమానత్. మోసేవాళ్లు రోగులు కారు. మోసే ఇద్దరు ఒకరినొకరు చేసుకోకుండా, వేరువేరుగా లోపం లేనివాళ్లను చేసుకుంటే ఇద్దరి ఇళ్లూ క్షేమం.

ఇప్పటికే నికాహ్ అయ్యి, ఇద్దరికీ ఉందని తెలిస్తే కంగారు పడకండి. గర్భం 10 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు జబ్బు ఉందో లేదో తెలుసుకునే పరీక్ష వేలూరులోనే ఉంది. ఆలస్యం చేస్తే దారులు మూసుకుపోతాయి. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది మీరు, డాక్టరు, మీరు నమ్మే ఆలిం కూర్చుని తేల్చుకోవలసిన విషయం. అందులో హకీము వేలు పెట్టడు.

జమాత్ పెద్దలకు మనవి

నికాహ్ రిజిస్టర్ మీ చేతుల్లో ఉంది. ఎవరినీ బలవంతం చేయకండి, రిపోర్టు లేకపోతే నికాహ్ చదవం అనకండి. కాని సంబంధం ఖాయం చేసుకునేందుకు వచ్చిన రెండు కుటుంబాలకు ఒక్క మాట చెప్పండి. జుమా తర్వాత అయిదు నిమిషాలు ఈ విషయం మాట్లాడించండి. ఏడాదికోసారి మదర్సాలో, కాలేజీ పిల్లల మధ్య రక్తపరీక్ష క్యాంపు పెట్టించండి. చందాలు వేసి జబ్బు పిల్లకు రక్తం ఇప్పించే పుణ్యం గొప్పదే. ఆ జబ్బు ఇంకో బిడ్డకు రాకుండా ఆపే పుణ్యం దానికి తక్కువ కాదు.

రక్తం ఇవ్వగల యువకులు మూడు నెలలకోసారి ఇవ్వండి. తలసీమియా బిడ్డ రెండు, మూడు, నాలుగు వారాలకోసారి ఎవరో తెలియని మనిషి నెత్తురు మీద బతుకుతుంది. అది ఏ మతం వాడి నెత్తురో ఆ సీసా మీద రాసి ఉండదు.

బి.సి.ఎల్.11ఎ మీట కత్తిరించే చికిత్స 18 కోట్లు. నికాహ్‌కు ముందు చేసే పరీక్ష కొన్ని వందల రూపాయలు. రెండూ ఒకే బిడ్డ గురించే. ఏది మన చేతిలో ఉందో అది ముందు చేద్దాం. అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.